విమానఘోషయు పౌరహక్కులును

పొలముగట్టునుగూర్చిగాని, ఇంటిగోడనుగూర్చిగాని, చూరునీటినిగూర్చిగాని ఇరుగుపొరుగులకు తగవు వచ్చినప్పుడు దానిని తీర్చుటకు సర్వేరాళ్లున్నవి, దస్తావేజులున్నవి, పెద్దమనుష్యులున్నారు, న్యాయస్థానములున్నవి. ఇంటికప్పుమీదుగా ప్రొద్దుటినుండి సాయంకాలమువరకు రొదచేయుచు తిరుగు చిన్నవిమానముతో తగవు వచ్చినచో ఎవరితో చెప్పుకొనవలెను? నేల నాది యనుటకు పత్రమున్నది. నేలపైనున్న ఆకాశమునకు పత్రమేది? అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి శాంటా మోనికా పట్టణవాసులు ఈ ప్రశ్నకు ఇంచుమించు అరువది సంవత్సరములుగా సమాధానము వెదకుచున్నారు. వారి పట్టణమందున్న విమానాశ్రయమును 2028 డిసెంబరు 31వ తేదీ గడచిన పిమ్మట మూసివేయు హక్కు ఎట్టకేలకు వారికి దక్కినది. వారేమి చేసిరి, ఎక్కడ ఓడిరి, ఎట్లు గెలిచిరి అను వృత్తాంతము మనకును ఉపయోగించునదే.

శాంటా మోనికా పసిఫిక్ సముద్రతీరమున లాస్ ఏంజెలెస్ మహానగరమును ఆనుకొనియున్న చిన్న పట్టణము. 2020 జనాభా లెక్కల ప్రకారము అచ్చటి జనసంఖ్య 93 వేలు. విమానముల చరిత్రలో ఈ పట్టణమునకు గొప్ప స్థానము కలదు. 1924లో తొలిసారిగా భూప్రదక్షిణము చేసిన విమానములు ఈ ఊరి డగ్లస్ కర్మాగారమున తయారైనవే. 1935 డిసెంబరు 17వ తేదీని డీసీ-3 అను ప్రసిద్ధ విమానము మొట్టమొదట ఎగిరినది ఇచ్చటి మైదానమునుండియే. ఈ స్థలమును నగరసంఘమువారు 1926లో ఉద్యానవనములకై ప్రజలు సమ్మతించిన ఋణపు సొమ్ముతో కొనిరి. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. తొంబది సంవత్సరముల తరువాత ఇది మరల చర్చకు వచ్చును.

రెండవ ప్రపంచయుద్ధకాలమున ఈ మైదానమును కేంద్రప్రభుత్వము కౌలుకు తీసికొన్నది. కర్మాగారము శత్రువుల కంటబడకుండ దానిపై వలలు పరచి, వలలమీద బూటకపు ఇండ్లను చెట్లను నిలిపిరట. కర్మాగారములో పనిచేయు వేలకొలది జనులకు చుట్టుపట్ల నిజమైన ఇండ్లు వెలసినవి. 1948లో ప్రభుత్వము మైదానమును తిరిగి నగరసంఘమునకు అప్పగించుచు ఒక పత్రము వ్రాయించుకొన్నది. ఆ పత్రములోని షరతులే తరువాతి వ్యాజ్యములన్నిటికిని బీజములైనవి. 1970 ప్రాంతములో డగ్లసువారు తమ కర్మాగారమును అచ్చటినుండి ఎత్తివేసిరి. పని పోయినది, విమానములు మిగిలినవి. ఎవరి జీవనముకొరకు జనులు ఆ రొదను ఓర్చిరో ఆ జీవనాధారము లేకపోగా, వినోదమునకును శిక్షణమునకును ధనికుల స్వంతప్రయాణములకును ఎగురు విమానముల రొదమాత్రము వారి పాలయ్యెను.

ఇక న్యాయశాస్త్ర మేమనుచున్నదో చూతము. నేల ఎవనిదో ఆకాశము వరకును పాతాళమువరకును వానిదే యని పూర్వము పాశ్చాత్య న్యాయవేత్తలు సూత్రము చెప్పుచుండిరి. ఆ సూత్రమును అమెరికా సుప్రీముకోర్టు 1946లో ఒక కోళ్ల రైతు వ్యాజ్యములో సవరించినది. ఉత్తర కరోలినా రాష్ట్రములో కాస్బీ యను రైతునకు మూడెకరములకు లోపు నేల, ఒక ఇల్లు, కోళ్ల పెంపకము ఉండెను. యుద్ధకాలమున సైనికవిమానములు ఆతని నేలకు 83 అడుగుల ఎత్తున దిగుచుండెను. కోళ్లు బెదరి గోడలకు కొట్టుకొని సుమారు 150 చచ్చినవి. ఆతని వ్యాపారము మూతబడినది. న్యాయాధిపతులు రెండుమాటలు చెప్పిరి. ఆకాశము రాజమార్గమువంటిది, విమానముల కెల్లరును దారి విడువవలసినదే యనునది మొదటిది. నేలను అనుభవించుటకు ఎంత ఆకాశము అవసరమో అంతవరకు భూస్వామిదే, దానిని విమానములు ఆక్రమించి నేలను నిరుపయోగము చేసినచో ప్రభుత్వము పరిహార మీయవలె ననునది రెండవది. అనగా ఆకాశమునందు రైతు హక్కు పూర్తిగా పోలేదు. కాని మిగుల సన్నగిల్లినది.

పిదప వచ్చిన రెండు తీర్పులు పట్టణముల నొక చిక్కులో పడవేసినవి. 1962లో ఒక వ్యాజ్యమున, విమానముల రాకపోకలవలన ఇరుగుపొరుగులకు కలిగిన నష్టమునకు విమానాశ్రయమునకు యజమానియైన స్థానికసంస్థయే పరిహార మీయవలెనని సుప్రీముకోర్టు చెప్పినది. 1973లో బర్‌బ్యాంక్ పట్టణమువారు రాత్రివేళ జెట్టు విమానములు ఎగురరాదని చేసిన కట్టడిని అదే కోర్టు కొట్టివేసినది. ఆకాశమార్గముల విషయమున అధికారము కేంద్రప్రభుత్వమునదే, ఊరివారు చేయి పెట్టరాదని ఐదుగురు న్యాయాధిపతులు ఒకవైపునను నలుగురు మరియొకవైపునను నిలిచి తీర్పు చెప్పిరి. కర్ర యొకరి చేతిలో, దెబ్బకు జవాబుదారీ మరియొకరిమీద. విమానము ఎచ్చట, ఎంత ఎత్తున ఎగురవలెనో నిర్ణయించునది రాజధాని. నిద్రలేని గృహస్థునకు సమాధానము చెప్పవలసినది నగరసంఘము. అయినను ఆ తీర్పులో ఒక చిన్న సందు మిగిలినది. నగరసంఘము పాలకసంస్థగా గాక, విమానాశ్రయమునకు యజమానిగా కొన్ని నిబంధనలు చేయవచ్చునా యను ప్రశ్నను కోర్టు తెరచియే ఉంచినది. శాంటా మోనికావారు ఆ సందులోనుండియే ప్రవేశించిరి.

1960ల దశకమున జెట్టు విమానములు రాసాగినప్పుడు ఇంటివారు మొదట తమ నగరసంఘముమీదనే వ్యాజ్యము వేసిరి. 1972లో కాలిఫోర్నియా సుప్రీముకోర్టు, ఇట్టి రొద ఉపద్రవమని దావా వేయుటకు పౌరులకు హక్కు కలదని తీర్పు చెప్పినది. తమమీద దావాలు రాగా నగరసంఘమువారు మేల్కొనిరి. రాత్రివేళ ప్రయాణము కట్టడి చేసిరి. శనిఆదివారములలో నేలను తాకి మరల లేచు శిక్షణచక్రములను నిషేధించిరి. హెలికాప్టరుల శిక్షణ మాన్పిరి. ఒక్కొక్క విమానపు ధ్వనికి పరిమితి విధించిరి. తుదకు జెట్టులను పూర్తిగా నిషేధించిరి. విమానయజమానులు కోర్టునకు పోయిరి. 1979లో జిల్లా న్యాయస్థానమును, 1981లో అపీలు న్యాయస్థానమును చెప్పిన తీర్పు సారాంశ మిది: రొదను కొలిచి పరిమితి పెట్టుట న్యాయము, రొద ఎంతయో చూడక ఒక జాతి విమానమును మాత్రమే వెలివేయుట అన్యాయము. జెట్టు నిషేధము పోయినది. తక్కిన నిబంధనలు నిలిచినవి. కొలమానమును పట్టుకొన్నవారు గెలిచిరి, కేవలము కోపమును పట్టుకొన్నవారు ఓడిరి.

1984లో కేంద్రప్రభుత్వమునకును నగరసంఘమునకును ఒడంబడిక జరిగినది. 2015 జూలై 1వ తేదీవరకు విమానాశ్రయమును నడుపుటకు నగరము ఒప్పుకొన్నది. ఒక్కొక్క విమానపు ధ్వనికి 95 డెసిబెలుల పరిమితిని ప్రభుత్వము ఒప్పుకొన్నది. ఇంతలో 1990లో కాంగ్రెసు ఒక శాసనము చేసి, ఊరివారు క్రొత్తగా ఇట్టి కట్టడులు చేయుట ఇంచుమించు అసాధ్యము చేసినది. 2008లో వేగముగల పెద్దజెట్టులను నగరసభ మరల నిషేధింపగా కేంద్రప్రభుత్వము అడ్డుపడినది. 2011లో న్యాయస్థానము నగరమునకు వ్యతిరేకముగా తీర్పు చెప్పినది. 2015 సమీపించుకొలదిని, 1948 నాటి పత్రము ప్రకారము ఈ స్థలము ఎల్లకాలము విమానాశ్రయముగానే ఉండవలెనని ప్రభుత్వము వాదింపసాగెను. కొనినది తమ సొమ్ముతో, నేల తమది, దానిని మూయు హక్కుమాత్రము తమకు లేదా యని పౌరులు మండిపడిరి.

ఈ దశలో పౌరసంఘములు చేసిన పని శ్లాఘనీయమైనది. ఫ్రెండ్స్ ఆఫ్ సన్‌సెట్ పార్క్ అను పేటసంఘమువంటివి ఏండ్లతరబడి నగరసభ సమావేశములకు హాజరై అర్జీలు చదివినవి. విమానాశ్రయమును ఉద్యానవనముగా మార్చవలెనని వేరొక సంఘము ఏర్పడినది. వద్దు అనువారివెంట జనులు కొంతదూరమే నడతురు. దీనికి బదులు ఇది కావలెను అనువారివెంట తుదివరకు నడతురు. 227 ఎకరముల స్థలమున పిల్లల ఆటస్థలములు, చెట్లనీడలు వచ్చునని చెప్పినపిమ్మట, రొద వినబడని పేటలవారుకూడ ఈ విషయమున శ్రద్ధ వహించిరి. 1926లో పూర్వులు ఉద్యానవనపు సొమ్ముతో కొన్న స్థలమిదియని చెప్పుట కప్పుడు అర్థము కలిగినది.

2014 నవంబరులో రెండు ప్రతిపాదనలు ఓటర్లముందునకు వచ్చినవి. ప్రజల ఓటు లేనిదే విమానాశ్రయమును మూయరాదనునది ఒకటి. దానిని విమానయజమానుల, చోదకుల జాతీయసంఘము ధనసహాయముతో నడిపినది. మూయు అధికారము నగరసభదేయనియు, మూసినపిదప ఆ స్థలమున ఉద్యానవనములు, క్రీడాస్థలములు తప్ప వేరు కట్టడములు ఓటర్ల సమ్మతిలేక కట్టరాదనియు రెండవది. ఈ రెండవ ప్రతిపాదనను నూటికి సుమారు 60 మంది ఆమోదించిరి. స్థలమును గుత్తేదారులు కాజేయుదురను భయమును ఆ షరతు ముందే తొలగించినది. 2017 జనవరిలో ప్రభుత్వము రాజీకి వచ్చినది. నగరసభ నలుగురు అనుకూలముగాను ముగ్గురు ప్రతికూలముగాను ఓటిడగా ఆ రాజీని అంగీకరించినది. 2028 తుదివరకు విమానాశ్రయము నడువవలెను; పిమ్మట నగరము మూసికొనవచ్చును; పరుగుబాటను 4,973 అడుగులనుండి 3,500 అడుగులకు వెంటనే తగ్గింపవచ్చును. ఆ సంవత్సరము డిసెంబరులోనే బాటను కురుచచేసిరి. శాసనములతో మాన్పలేని జెట్టులు బాట చాలక తామే తగ్గిపోయినవి. ఇంకను పండ్రెండు సంవత్సరములు ఓర్వవలెనాయని నిష్ఠురములాడిన పౌరులును కలరు. వారి మాటలో నిజము లేకపోలేదు.

చిన్నవిమానముల రొద అంత పెద్దదా యని కొందరడుగుదురు. ఇచ్చట లెక్కల మర్మము తెలియవలెను. అమెరికా ప్రభుత్వము ధ్వనిని ఇరువదినాలుగు గంటల సగటుగా కొలిచి, రాత్రిపూట విమానములకు మాత్రము పది డెసిబెలులు అదనముగా కలుపును. ఆ సగటు 65 దాటనంతవరకు ఆ స్థలము నివాసమునకు తగినదే యని వారి నిర్ణయము. డెసిబెలు మన తూకపు వీసెవంటిది కాదు. పది డెసిబెలులు పెరిగినచో ధ్వనిశక్తి పదిరెట్లగును. ఈ లెక్కన, ఒకసారి ఎగిరినప్పటి మొత్తపు ధ్వని 95గా కొలువబడు విమానములు పగటివేళ 86 ఎగిరినగాని సగటు 65కు చేరదు. 80గా కొలువబడు చిన్న శిక్షణవిమానములైనచో రమారమి 2,700 ఎగురవలెను! ఒక దినమున నూరుసార్లు పాఠము చెప్పుచున్న ఉపాధ్యాయుని నోరు మూయించి, నూరుసార్లు పసిబిడ్డను నిద్రలేపిన విమానములు ప్రభుత్వపు పటములో నిశ్శబ్దములుగానే కనబడును. సగటు లోతు మోకాలిబంటియని చదివి ఏటిలో దిగినవానికి మడుగు తెలియనట్లు, సగటు ధ్వనిని చూచు అధికారికి ఇంటివాని బాధ తెలియదు. పెద్ద విమానాశ్రయములు ఇరువదింటి చుట్టునున్న పదివేలమందికిపైగా జనులను ప్రభుత్వమే ప్రశ్నింపగా, 65 ధ్వనిగల చోట్ల మూడింట రెండువంతులమంది మిక్కిలి బాధపడుచున్నారని 2021లో తేలినది. పాతలెక్క ప్రకారము బాధపడవలసినవారు నూటికి పండ్రెండుగురే.

చెవికి తెలియని హాని మరియొకటి కలదు. కార్లకు సీసము కలిసిన పెట్రోలు వాడుక మనదేశమున 2000లోను, అమెరికాలో 1996లోను ఆగిపోయినది. చిన్నవిమానముల పిస్టను యంత్రములు నేటికిని ఎక్కువగా సీసము కలిసిన ఇంధనముతోనే నడచుచున్నవి. లీటరునకు అరగ్రాము మించి సీసముండవచ్చును. అమెరికా గాలిలో చేరు సీసములో నూటికి సుమారు 70 వంతులు ఈ విమానములనుండియే వచ్చుచున్నది. శాన్‌హోసే నగరమందలి రీడ్ హిల్‌వ్యూ విమానాశ్రయమునకు దగ్గరనున్న పిల్లల రక్తమున సీసము ఎక్కువగానున్నదని 2021లో ఒక పరిశోధన తెలిపెను. 2022 జనవరి మొదలు ఆ స్థానికప్రభుత్వము అచ్చట సీసపు ఇంధనము అమ్మకమును మాన్పినది. 2023 అక్టోబరులో కేంద్రపర్యావరణ సంస్థయు ఈ సీసము ప్రజారోగ్యమునకు ప్రమాదకరమని నిర్ణయించినది. రొద యనగా నాజూకువారి ఫిర్యాదని నవ్వినవారు, పసిపిల్లల మెదడుకు చేటుచేయు సీసమును చూచి నవ్వలేకపోయిరి.

విమానచోదకుల పక్షమునను వినదగిన మాటలున్నవి. విమానాశ్రయము ముందు, ఇండ్లు తరువాత వచ్చినవి. తెలిసి కొన్నవారు ఇప్పుడు గోల చేయనేల యని వారందురు. నేడు పెద్దవిమానములు నడుపువారందరును ఒకనాడు చిన్నవిమానమున అక్షరాభ్యాసము చేసినవారే. భూకంపములు, కార్చిచ్చులు వచ్చినప్పుడు ఇట్టి మైదానములు ఉపయోగపడును. ఒకచోట మూసినచో ఆ విమానములు మరియొక పేటపైకి పోవును. ఇవి తీసివేయదగిన మాటలు కావు. అయితే మొదటివాదమునకు సమాధానమున్నది: అచ్చటి ఇండ్లు అనేకము కర్మాగారపు పనివారికొరకే వెలసినవి, అప్పటికి జెట్టులు లేవు. ముందు వచ్చిన బండి తరువాత రైలుగా మారినచో పాతహక్కు దానికి చెల్లదు. తుదివాదము మాత్రము గట్టిది. రొదను పొరుగువాని దొడ్డిలోనికి తోసి గెలిచితిమనుకొనుట గెలుపు కాదు. సీసములేని ఇంధనము, నిశ్శబ్దమైన యంత్రములు, శిక్షణకు జనసంచారము లేని మైదానములు, ఇవి కూడ కోరినప్పుడే పౌరుల కోర్కె న్యాయసమ్మతమగును.

మన దేశమున ఈ ప్రశ్న దూరముగా లేదు. 2023లో మన రెండు విమానసంస్థలు కలిసి 970 విమానములకు ఆర్డరిచ్చినవి. అన్ని విమానములకు చోదకులు కావలెను. చోదకులకు శిక్షణశాలలు కావలెను. శిక్షణ యనగా ఒకే మైదానముచుట్టు చిన్నవిమానము గంటలకొలది తిరుగుటయే. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము ప్రారంభమై ప్రయాణికుల రాకపోకలు బేగంపేటనుండి తొలగినవి. బేగంపేట విమానాశ్రయమున సైనిక, శిక్షణ విమానములు ఎగురుట మానలేదు. దానిచుట్టు నగరము క్రిక్కిరిసియున్నది. పల్లెలలోను చిన్నపట్టణములలోను క్రొత్త మైదానములు వచ్చునప్పుడు భూస్వాములు ఎకరమునకు ధరయెంత యని అడుగుటతోనే తృప్తిపడుచున్నారు. మిగిలిన నేలపై ఎగురు విమానములనుగూర్చి అడుగువారు లేరు.

అడిగినను చట్ట మేమనుచుండెను? 1934 నాటి విమానశాసనములో 17వ సెక్షను కలదు. సముచితమైన ఎత్తున ఎగిరిన విమానముమీద, అది ఎగిరిన కారణముచేతనే, ఆక్రమణయనిగాని ఉపద్రవమనిగాని సివిలు కోర్టులో దావా చెల్లదని అది శాసించినది. ఇంగ్లండులో 1920లో చేసిన కట్టడికి అది నకలు. ఆ శాసనమునకు బదులు 2024లో చేయబడిన భారతీయ వాయుయాన్ అధినియమము 2025 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. కాస్బీ రైతునకు అమెరికాలో దొరికిన పరిహారము 17వ సెక్షను ఉన్నంతకాలము మన రైతునకు సులభముగా దొరకెడిది కాదు. మరియొకవంక 2000 నాటి ధ్వనికాలుష్య నియమములు నివాసస్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెలులకు మించరాదని చెప్పుచున్నవి. పెండ్లిమేళమునకు వర్తించు కొలత ఆకాశమునకు ఎంతవరకు వర్తించునో ముందుగానే తేల్చుకొనుట మంచిది.

శాంటా మోనికా వృత్తాంతమునుండి మనము గ్రహింపవలసినవి మూడు కలవు. మైదానము వచ్చినపిదప మేల్కొన్నవారికి అరువదియేండ్లు పట్టినది. కావున పత్రములు వ్రాయునాడే షరతులు చదువవలెను. 1948లో సంతకము చేసినవారు తమ మనుమల కాళ్లకు ముడివేసిరి. రెండవది, ఫిర్యాదునకు కొలత కావలెను: తేదీ, వేళ, ఎత్తు, ధ్వని వ్రాసిపెట్టుకొన్న పుస్తకము నూరు ఉపన్యాసములకంటె కోర్టులో విలువైనది. మూడవది, మునిసిపాలిటీలకును పంచాయతీలకును తమ నేలపై నడచుదానినిగూర్చి మాటచెప్పు అధికారముండవలెను. రొదకు జవాబుదారీ స్థానికసంస్థమీద మోపి, దానిని అదుపుచేయు అధికారము దూరపు రాజధానిలో ఉంచు ఏర్పాటు ఏ దేశమునందును ప్రజలకు సుఖము చేయలేదు.

విమానములు వలదని ఎవ్వరు ననజాలరు. దేశము ఎగురవలసినదే. ఎగురువారికి ఆకాశమెంత అవసరమో, క్రింద నివసించువారికి నిద్రయు, పిల్లలకు పరిశుభ్రమైన గాలియు అంత అవసరములు. ఈ రెంటిని సరితూచు త్రాసు ఇంకను ఏ శాసనసభలోను సరిగా తయారుకాలేదు. మన ఊళ్లలో క్రొత్త పరుగుబాటలు పడకముందే ఆ త్రాసును తయారుచేయుమని మన ప్రతినిధుల నడుగుట పౌరుల విధి.